పది ఫీట్ల మొద్దు, ఆరు ఫీట్ల కట్టె

పొలం గట్టు మీది చెట్టు కొట్టించి, ట్రాక్టరు మాట్లాడుకుని, మొద్దును సా మిల్లుకు తెచ్చిన రైతుకు కోత ముగిశాక ఒక అనుమానం వస్తుంది. "మొద్దు పది ఫీట్లున్నదంటిరి. కోస్తే ఆరు ఫీట్లే ఎల్లింది. మిగిలింది యాడికి వోయిందన్నా?" అని అడుగుతాడు. మిస్త్రీ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది: "గుండ్రం మొద్దుల కెల్లి సదరం కట్టె తీస్తున్నం పటేలా. అంచులు పోవా? పొట్టు పోదా?" నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్ చుట్టుపక్కలా చిన్న కోత మిల్లుల్లో ఈ తగువు ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ ఫీటు అంటే పొడవు కాదు, ఘనపుటడుగు. బిల్లు మీద సీఎఫ్‌టీ అని రాస్తారు.

మిస్త్రీ చెప్పింది నిజమే, కాకపోతే అందులో సగం సంగతే ఉంది. మొద్దు లెక్క పూర్తిగా తేలాలంటే గుండ్రంలో చతురస్రం ఎంత పడుతుందో తెలియాలి. బ్లేడు ఎంత మందం తింటుందో, చెట్టులోని నీళ్ళు ఎటు పోతాయో, అది దాచుకున్న పిండి ఎక్కడుంటుందో కూడా తెలియాలి. ఇవన్నీ మిస్త్రీ పుస్తకం ముట్టకుండానే చేత్తో నేర్చుకున్నాడు. ఆ చేతి పని వెనకున్న శాస్త్రం మనకూ కొంత తెలిస్తే అనుమానం తీరుతుంది, ఇంటికి చేరే కట్టె కూడా బాగుంటుంది.

చెరకు బండి నుంచి ట్రాక్టరు ట్రాలీ దాకా

మంజీర నది మీద 1923–1931 మధ్య నిజాంసాగర్ కట్టారు. కాలువ నీళ్ళు పారాక బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతం చెరకు సీమ అయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని చుట్టూ వెలిసిన కాలనీయే శక్కర్‌నగర్. గానుగ ఆడే నెలల్లో చెరకు బండ్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరేవి. బండి అంటే కట్టె పనే. చక్రం నడిమి కుండ, ఆకులు, చుట్టు వంపు చెక్కలు, నొగలు, కాడి అన్నీ చెట్టు నుంచి రావాల్సిందే. దెబ్బకు ఓర్చుకునే నల్లతుమ్మకు అప్పుడు అంత విలువ ఉండేది అందుకే. నాగలి, గుంటుక, దంతె కూడా వడ్ల వాళ్ళ చేతి మీదుగా అదే కట్టెతో తయారయ్యేవి.

బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గింది, వరి పెరిగింది. దాంతో సా మిల్లు గిరాకీ కూడా మారింది. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది ఇల్లు కట్టుకునేవారు. వాళ్ళకు దర్వాజలు, కిటికీలు, తలుపు పలకలు కావాలి. వాళ్ళ వెనకే మంచాలు, అల్మారీలు చేసే వడ్రంగులు వస్తారు. ట్రాలీ అడుగు పలకలు మార్పించుకునే ట్రాక్టరు యజమానులు, స్లాబు కింద కొట్టే చెక్కల కోసం సెంట్రింగ్ మేస్త్రీలు, బస్తాల కింద వేసే దిమ్మెల కోసం రైస్ మిల్లుల వాళ్ళు వస్తారు. గొడ్డలి, పార కామల కోసం వచ్చే రైతులు ఎప్పుడూ ఉంటారు. పసుపు అమ్మిన డబ్బు, యాసంగి వడ్ల డబ్బు చేతికందే ఎండాకాలంలో ఇళ్ళ పనులు ఊపందుకుంటాయి. వానలు పడ్డాక గట్ల మీదికి ట్రాక్టరు వెళ్ళదు, కోత కూడా నెమ్మదిస్తుంది.

చిన్న మిల్లు యజమానికి చాలాసార్లు కట్టె సొంతం కాదు. మొద్దు గిరాకీది, మిషన్ ఆయనది. ఫీటుకు ఇంత అని కోత కూలి తీసుకుంటాడు. వచ్చే మొద్దులు కూడా అన్నీ అడవివి కావు. పొలం గట్టు తుమ్మ, పెరటి వేప, కాపు ఉడిగిన మామిడి, చింత, దిరిశన, గట్ల మీద పెంచిన టేకు, తోటగా వేసిన నీలగిరి వస్తుంటాయి. దేశమంతటా ఇదే తీరు. భారత అటవీ సర్వే 2011 నివేదికలో అడవుల నుంచి ఏటా వచ్చే కలపను సుమారు 32 లక్షల ఘనపు మీటర్లుగా లెక్కగట్టారు. అడవి బయటి చెట్ల నుంచి రాగలిగింది సుమారు 4.3 కోట్ల ఘనపు మీటర్లని అంచనా వేశారు. మన దేశానికి కట్టె ఇస్తున్నది ప్రధానంగా రైతు గట్టే.

టేపు చెప్పే పది, మొద్దులో ఉన్న పన్నెండున్నర

మొద్దు మిల్లుకు రాగానే మిస్త్రీ నడిమిలో టేపు చుట్టి చుట్టుకొలత తీస్తాడు. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తాడు. చుట్టు 4 అడుగులు, పొడవు 10 అడుగులు అనుకోండి. నాలుగో వంతు 1 అడుగు. ఒకటిని ఒకటితో, ఆపైన పదితో గుణిస్తే 10 ఘనపుటడుగులు. ఇదే పది ఫీట్ల మొద్దు.

బడిలో నేర్చుకున్న స్తూపం సూత్రంతో కడితే మాత్రం ఇదే మొద్దులో 12.73 ఘనపుటడుగుల కట్టె ఉంది. నాలుగో వంతు చుట్టు పద్ధతి అసలు పరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది, మిగతా 21.5 శాతాన్ని ముందే తీసేస్తుంది. 1736లో ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లండు సర్వేయరు ఈ లెక్కకు పట్టికలు అచ్చువేశాడు. ఆయన పేరుతోనే దీన్ని హాపస్ కొలత అంటారు. కోతలో అంచులూ పొట్టూ పోక తప్పదు గనుక కొనేవాడు వాటికి డబ్బు కట్టనక్కర్లేకుండా కొలతలోనే తగ్గింపు పెట్టారన్నమాట. మొద్దు కొనేవారికి ఈ లెక్క లాభం, అమ్మే రైతుకు నష్టం. కాబట్టి మొద్దుగా అమ్మేటప్పుడు ఏ పద్ధతిలో కొలుస్తున్నారో ముందే అడగడం మంచిది.

ఇక కోత. గుండ్రంలో పట్టే అతి పెద్ద చతురస్రం ఆ గుండ్రం వైశాల్యంలో 63.7 శాతమే. మన మొద్దు వ్యాసం సుమారు 15 అంగుళాలు. అందులోంచి ఒకే దూలం తీస్తే దాని పక్క సుమారు 10.8 అంగుళాలు వస్తుంది. పరిమాణం 8.1 ఘనపుటడుగులు. అంటే బ్లేడు పళ్ళు ఇంకా లెక్కలోకి రాకముందే 12.73 కాస్తా 8.1కి దిగింది. మిగతాదంతా నాలుగు పక్కల అంచు చెక్కలుగా పోయింది. మంచి మిస్త్రీ ఆ అంచుల్లోంచి కూడా చిన్న బద్దలు, రీపర్లు తీస్తాడు. మొద్దు వంకరగా ఉంటే, ఒక కొస లావుగా మరో కొస సన్నగా ఉంటే, ఈ 8.1 కూడా నిలవదు. చదరపు దూలం పక్క కొలతను సన్న కొసే నిర్ణయిస్తుంది. పదడుగుల వంకర మొద్దును రెండు అయిదడుగుల ముక్కలుగా కోయించుకుంటే వంకర వల్ల పోయే కట్టె చాలావరకు మిగులుతుంది. దర్వాజకు పొడవు కావాలా, కిటికీలకు పొట్టివి చాలా అని మిస్త్రీ మొదటే అడిగేది ఈ లెక్క మనసులో పెట్టుకునే.

వెయ్యో వంతు మందం

మిషన్లు రాకముందు మొద్దును గుంత మీద అడ్డంగా పెట్టేవారు. ఒకరు పైన నిలబడి, ఇంకొకరు గుంతలోకి దిగి పొడవాటి రంపం లాగేవారు. కింద ఉన్నవాడి కళ్ళల్లో పొట్టు పడేది. ఆగకుండా తిరిగే పట్టీ రంపం ఆలోచన 1808 నాటిది, లండన్‌లో విలియం న్యూబెర్రీ పేటెంటు తీసుకున్నాడు. కానీ పట్టీ రెండు కొసలను కలిపిన అతుకు నిలిచేది కాదు, తిరుగుతుంటే తెగిపోయేది. 1846లో ఫ్రాన్సుకు చెందిన ఆన్ పోలిన్ క్రెపెన్ అనే మహిళ అతుకు వేసే మంచి పద్ధతి కనిపెట్టాకే అది పనికొచ్చే మిషన్ అయింది.

మన మిల్లుల్లో కనిపించే నిలువు బ్యాండ్ సా ఆ కోవదే. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, రెంటి మీదుగా తిరిగే ఉక్కు పట్టీ, పక్కన పట్టాల మీద చేత్తో నెట్టే ట్రాలీ. చక్రం వ్యాసం 36 అంగుళాలు అయితే చుట్టు 2.87 మీటర్లు. నిమిషానికి 600 సార్లు తిరిగితే పట్టీ సెకనుకు దాదాపు 29 మీటర్లు పరుగెడుతుంది. గంటకు వంద కిలోమీటర్ల పైమాటే.

ఆ పట్టీ మందం చక్రం వ్యాసంలో వెయ్యో వంతుకు మించకూడదని ఈ పనిలో ఒక నియమం ఉంది. 36 అంగుళాల చక్రానికి దాదాపు 0.9 మిల్లీమీటర్లు. కారణం సులువే. పట్టీ చక్రం మీదికి వచ్చినప్పుడు వంగుతుంది, దిగగానే తిన్నగా అవుతుంది. మందం పెరిగేకొద్దీ ఆ వంపులో ఉక్కు పై పొర ఎక్కువ సాగాల్సి వస్తుంది. ఏడు మీటర్ల పట్టీ గంట సేపు తిరిగితే దాదాపు 30 వేల సార్లు వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే పంటి మొదళ్ళలో వెంట్రుకంత పగుళ్ళు పుడతాయి. బ్లేడు దింపిన ప్రతిసారీ మిస్త్రీ దాన్ని వెలుతురుకు ఎత్తి, పళ్ళ సందులను వేలితో తడిమి చూసేది ఈ పగుళ్ళ కోసమే.

పట్టీ సన్నగా ఉండటం వల్ల మిగిలేది కట్టె. పళ్ళను కుడికీ ఎడమకూ కొద్దిగా వంచి సెట్ కొడతారు. అలా కొట్టకపోతే బ్లేడు కట్టెలో ఇరుక్కుని వేడెక్కుతుంది. సెట్‌తో కలిపి బ్యాండ్ సా చేసే సందు సుమారు 2 మిల్లీమీటర్లు. గుండ్రటి బిళ్ళ రంపం అయితే 5 మిల్లీమీటర్ల దాకా తింటుంది. అంగుళం పలకలు కోస్తున్నప్పుడు మొదటి దానితో 7 శాతం పొట్టుగా పోతే, రెండో దానితో 16 శాతం పోతుంది. మన 8.1 ఫీట్లు బ్యాండ్ సా మీద ఏడున్నర అవుతాయి, బిళ్ళ రంపం మీద ఏడుకు లోపే ఆగుతాయి. ధార తగ్గిన బ్లేడు తిన్నగా పోదు, అలలు అలలుగా కోస్తుంది. ఆ అలలను వడ్రంగి రందా పట్టి తీయాలి గనుక ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ఎగిరిపోతాయి. గిరాకీ తొందరపెడుతున్నా మిస్త్రీ మిషన్ ఆపి సాన పెట్టుకుంటున్నాడంటే అది గిరాకీ కట్టె కోసమే.

టేకు కోస్తే బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. ఆ కట్టెలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, 1.4 శాతం దాకా ఉండొచ్చు. చేతికి నునుపుగా తగిలే టేకు ఉక్కు పళ్ళను అరగదీసేది అందువల్లే.

కోయకముందే చదవాలి

మొద్దు ట్రాలీ ఎక్కే ముందు మిస్త్రీ దాని రెండు కొసలనూ చూస్తాడు. బెరడును గొడ్డలితో అక్కడక్కడా చెక్కి చూస్తాడు. మొదటి వెతుకులాట మేకుల కోసం. పెరటి వేపకు ఎప్పుడో బట్టలారేసే తీగ కట్టి ఉంటారు. గట్టు తుమ్మకు కంచె తీగ కొట్టి ఉంటారు. చెట్టు లావెక్కుతూ ఆ ఇనుమును లోపలికి మింగేస్తుంది, పైకి ఏమీ కనబడదు. ఇక్కడ రసాయన శాస్త్రం మిస్త్రీకి సాయం చేస్తుంది. తుమ్మలో టానిన్ ఎక్కువ. తోళ్ళు పదును చేయడానికి తుమ్మ చెక్కను వాడేది దాని కోసమే. టానిన్‌కు ఇనుము, తడి తగిలితే నల్లని నీలి రంగు పుడుతుంది, పాతకాలపు సిరా తయారైంది కూడా ఈ రసాయనంతోనే. ఆ రంగు కట్టె పోగుల వెంబడి పైకీ కిందికీ పాకుతుంది. కొస మీద నీలి మచ్చ కనబడితే లోపల ఎక్కడో మేకు ఉన్నట్టే. అక్కడ ఉలితో తవ్వి తీస్తారు, కాకపోతే ఆ ముక్కే వదిలేస్తారు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే పళ్ళు మేకుకు తగిలితే వరుసగా రాలిపోతాయి. పట్టీ తెగి ఎగిరితే మనిషి ప్రాణానికే ప్రమాదం.

రెండోది, చెట్టు ఎలా నిలబడిందో ఊహించడం. కాలువ మీదికి వాలిన చెట్టు తనను తాను పడకుండా పట్టుకోవాలి గనుక పై వైపున ప్రత్యేకమైన కట్టెను పెంచుకుంటుంది, దాన్ని లాగుడు కట్టె అనవచ్చు. అది లోపల బిగువు నింపుకుని ఉంటుంది. కోయగానే ఆ బిగువు వదులుతుంది. పలక విల్లులా వంగుతుంది, ఒక్కోసారి సందు మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. నిటారుగా పెరిగినా నీలగిరికి ఈ బిగువు ఎక్కువే. దాని పై పొరలు లాగి పట్టి ఉంటాయి, నడిమి భాగం నొక్కుకుని ఉంటుంది. అందుకే నరికిన కొద్దిసేపటికే కొసలు నక్షత్రంలా పగులుతాయి. ఒక పక్క నుంచే కోసుకుంటూ పోకుండా, ఒక పలక ఇటు, మొద్దు తిప్పి ఒక పలక అటు తీస్తే బిగువు రెండు వైపులా సమంగా వదులుతుంది. మొద్దును అన్నిసార్లు తిప్పడం చూసి పని సాగదీస్తున్నాడనుకోవద్దు.

మూడోది నడి గుండె. మొద్దు సరిగ్గా మధ్యలో ఉన్న మెత్తని బిందువు చుట్టూ కట్టె బలహీనంగా ఉంటుంది, ఎండితే తప్పకుండా పగులుతుంది. దర్వాజ కట్టెలో అది పడకుండా కోయాలి. ఇలా గుండె వదిలి, కణుపులు వదిలి, పగుళ్ళు వదిలి చూస్తే ఏడున్నర ఫీట్లు ఆరు దగ్గర తేలతాయి. రైతు అడిగిన ప్రశ్నకు లెక్క కుదిరింది గానీ మొద్దు తగ్గడం ఇంకా పూర్తి కాలేదు.

గోడలోంచి పోయే నీళ్ళు

కట్టెను భూతద్దం కింద చూస్తే వరిగడ్డి మోపులా ఉంటుంది. పొడుగాటి సన్నని గొట్టాలు పక్కపక్కనే కట్టి ఉంటాయి. పచ్చి కట్టెలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి, గొట్టాల బోలులో కొన్ని, గొట్టాల గోడల్లో కొన్ని. ఎండేటప్పుడు ముందు బోలులోని నీళ్ళు పోతాయి. అప్పుడు బరువు తగ్గుతుందే గానీ కొలత మారదు. తేమ సుమారు 28–30 శాతానికి దిగాక గోడల్లోని నీళ్ళు పోవడం మొదలవుతుంది, కట్టె కుంచించుకుపోయేది అప్పుడే.

ఎంత నీళ్ళో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఘనపుటడుగు గట్టి కట్టెలో ఎండు పదార్థం 18 కిలోలు ఉందనుకుందాం. పచ్చిగా ఉన్నప్పుడు తేమ అందులో 60 శాతమైతే నీళ్ళు దాదాపు 11 కిలోలు. వాడకానికి తగినట్టు 12 శాతానికి ఆరితే మిగిలే నీళ్ళు రెండు కిలోలకు కాస్త ఎక్కువ. ఆరు ఫీట్ల కట్టె ఆరేలోపు యాభై కిలోలకు పైగా నీళ్ళు గాలిలో కలుస్తాయి.

కట్టె అన్ని వైపులా సమానంగా తగ్గదు. నిలువు పొడవులో తగ్గేది దాదాపు శూన్యం. గుండె నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. వలయాల వెంబడి అంతకు రెట్టింపు తగ్గుతుంది. కట్టెల్లో నెమ్మదస్తురాలిగా పేరున్న టేకు కూడా పచ్చి నుంచి పూర్తి ఎండుకు వచ్చేసరికి గుండె–బెరడు దిశలో 2.5 శాతం, వలయాల దిశలో 5.8 శాతం తగ్గుతుంది. ఈ తేడా వల్లే పలకలు వంపు తిరుగుతాయి. కొస మీద వలయాలు పలక వెడల్పుకు అడ్డంగా నిలబడి కనిపిస్తే ఆ పలక తక్కువ కదులుతుంది. వలయాలు విల్లులా పడుకుని కనిపిస్తే ఎక్కువ కదులుతుంది. తలుపు పలకలకు మొదటి రకం ఏరుకోవాలి.

ఆరిన తర్వాత కూడా కట్టె ఊరుకోదు. గాలిలో తేమ 80 శాతం ఉంటే కట్టె తనలో సుమారు 16 శాతం తేమ నిలుపుకుంటుంది. గాలి తేమ 30 శాతానికి పడిపోతే కట్టెలో 6 శాతమే మిగులుతుంది. నిజామాబాద్‌లో ఆగస్టుకూ ఏప్రిల్‌కూ మధ్య తేడా దాదాపు ఇంతే ఉంటుంది. వలయాల దిశలో కోసిన 30 సెంటీమీటర్ల టేకు పలక లెక్క ప్రకారం ఈ రెండు కాలాల మధ్య 6 మిల్లీమీటర్లు మారాలి. కట్టె నిదానంగా స్పందిస్తుంది, పైన రంగు అడ్డుపడుతుంది, అందువల్ల వాస్తవంలో అంతకంటే తక్కువే మారుతుంది. అయినా వానాకాలంలో తలుపు బిగుసుకోవడానికి అది చాలు. వడ్రంగి తలుపు పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెడతాడు. అది అశ్రద్ధ కాదు, పలక కదలడానికి చోటు వదలడం.

చేవ, తెలుపు, పురుగు

మొద్దు కొస మీద ముదురు రంగు భాగం చేవ. దాని చుట్టూ లేత రంగు వలయం ఉంటుంది. నీళ్ళు మోసేదీ, ఆహారం దాచేదీ ఈ తెల్ల భాగమే. చెరకు తన చక్కెరను రసంగానే గడలో ఉంచుకుంటుంది, చెట్టు మాత్రం చక్కెరను పిండిగా మార్చి తెల్ల కట్టెలో దాస్తుంది. పొడి చేసే పురుగుకు కావాల్సింది ఆ పిండే. తల్లి పురుగు కట్టె గొట్టాల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపల తిని, పిండిలాంటి పొట్టును బయటికి నెడతాయి. కొత్త మంచం కింద ఉదయాన్నే సన్నని పొడి రాలిందంటే ఆ మంచానికి తెల్ల కట్టె వాడారని అర్థం.

చెట్టు ముదిరేకొద్దీ లోపలి తెల్ల కట్టె చేవగా మారుతుంది. పిండి ఖర్చయిపోతుంది, దాని స్థానంలో పురుగులకూ చెదలకూ సరిపడని రసాయనాలు చేరతాయి. టేకు పేరు నిలబెట్టింది ఆ రసాయనాలూ నూనెలే. కానీ టేకు అయినా తెల్ల భాగానికి ఆ రక్షణ లేదు. పదిహేనేళ్ళ గట్టు టేకులో చేవ తక్కువ, తెలుపు ఎక్కువ. "టేకే గదా, పుచ్చెట్ల వట్టింది?" అని మిల్లుకు తిరిగొచ్చే గిరాకీకి ఇదే సమాధానం.

మొద్దులను కొన్ని వారాలు చెరువులో నానేసే పాత అలవాటుకు శాస్త్ర బలం ఉంది. నీళ్ళలో ఉన్నంత కాలం పురుగు చేరదు, తెల్ల కట్టెలోని చక్కెర, పిండి కొంతవరకు నశిస్తాయి. మామిడి, వేప వంటి కట్టెలకు ఇప్పుడు బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళు పట్టించడం తేలికైన మందు. వాన నీటిలో ఆ మందు కరిగిపోతుంది గనుక ఇంటి లోపలి వాడకానికే అది పనికొస్తుంది.

పొట్టు ఎవరికి, దుమ్ము ఎవరికి

సా మిల్లులో పారేసేది ఏమీ ఉండదు. అంచు చెక్కలు హోటళ్ళ పొయ్యిలకూ, పెళ్ళి వంటలకూ, పసుపు ఉడికించే చోట్లకూ పోతాయి. పొట్టు ఇటుక బట్టీలకు, కోళ్ళ ఫారాల్లో నేల మీద పరవడానికి, ఐసు దిమ్మెలు కప్పడానికి పోతుంది. వంటచెరకుగా కొనేవారు తడి సంగతి గుర్తుంచుకోవాలి. ఎండు కట్టె కిలోకు దాదాపు 18 మెగాజౌళ్ళ వేడి ఇస్తుంది. బరువులో సగం నీళ్ళే ఉంటే ఆ వేడి 8 దగ్గరికి పడిపోతుంది. ఒకటి, ఆ కిలోలో కట్టె సగమే. రెండు, నీటిని ఆవిరి చేయడానికే కొంత మంట ఖర్చవుతుంది. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరుకు వేసే చెరకు పిప్పిలోనూ సగం నీళ్ళే ఉంటాయి. అది గుట్టలుగా ఊరికే దొరుకుతుంది గనుక అక్కడ చెల్లుతుంది. డబ్బు పెట్టి తూకం మీద పచ్చి కట్టె కొనేవాడు మాత్రం నీళ్ళు కొంటున్నట్టే.

గాలిలో తేలే సన్న దుమ్ము మిల్లులో పనిచేసేవాళ్ళ ఊపిరిలోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కట్టె దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగాలకు వచ్చే క్యాన్సర్‌తో దీనికి సంబంధం తేలింది. శబ్దం కూడా తక్కువేమీ కాదు. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ మించితే చెవికి హాని, నడుస్తున్న రంపం దాన్ని తేలిగ్గా దాటుతుంది. మూతికి కట్టుకునే రుమాలు పెద్ద దుమ్మునే ఆపుతుంది. సన్న దుమ్మును ఆపే మాస్కు, చెవులకు మఫ్‌లు, బ్లేడు కింద దుమ్ము లాగే గొట్టం పెద్ద ఖర్చులు కావు.

కాగితాలు

ఈ మిల్లులు అటవీ శాఖ లైసెన్సు మీదే నడవాలి. 1967 అటవీ చట్టం కింద 1969లో సా మిల్లుల నియంత్రణ నిబంధనలు వచ్చాయి. అడవుల రక్షణపై నడిచిన తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు 2002 అక్టోబరు 30న ఇచ్చిన ఉత్తర్వుతో కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త మిల్లులకు ఏ రాష్ట్రమూ అనుమతి ఇవ్వకూడదని తేలింది. 2016 కేంద్ర మార్గదర్శకాల తర్వాత ఆ నిర్ణయం రాష్ట్రస్థాయి కమిటీల చేతికి వచ్చింది. చెట్టు నరికే రైతుకు నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నా నరకక ముందే అటవీ శాఖ కార్యాలయంలో అడగడం క్షేమం. టేకు అయితే రవాణా పర్మిట్ తప్పనిసరిగా చూసుకోవాలి. కాగితం లేని మొద్దును కోస్తే లైసెన్సు పోతుంది గనుక మిస్త్రీ ముందు కాగితం అడుగుతాడు, తర్వాతే టేపు తీస్తాడు.

మిల్లుకు వెళ్ళే ముందు

ఇల్లు కట్టాలనుకున్నవారు పునాది తీసిన రోజే మొద్దు కోయించుకోవాలి, దర్వాజ ఎత్తే వారం దాకా ఆగకూడదు. చెట్టు పడగానే రెండు కొసలకూ పాత రంగో మైనమో, అవేవీ లేకుంటే పేడ మట్టి ముద్దో పూయండి. కొసల నుంచి నీళ్ళు పక్కల కంటే పది పదిహేను రెట్లు వేగంగా పోతాయి, పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. చెట్టుకు ఎప్పుడైనా మేకు కొట్టి ఉంటే మిస్త్రీకి దాచకుండా చెప్పండి. పచ్చి కట్టె కోయిస్తున్నట్టయితే ఆరు అంగుళాల వెడల్పుకు పావు అంగుళం ఎక్కువ అడగండి, తగ్గుదలకూ రందాకూ అది అవసరం. కోసిన పలకలను ఎండలో పడేయకుండా నీడన, నేలకు జానెడు ఎత్తున, మధ్య మధ్య ఒకే మందం బద్దలు పెట్టి పేర్చండి, పైన బరువు పెట్టండి. అంగుళం పలకకు కొన్ని నెలలు పడుతుంది. రెండంగుళాల దానికి రెట్టింపు కంటే ఎక్కువే పడుతుంది. దర్వాజకు చేవ కట్టే కావాలని, నడి గుండె వద్దని ముందే చెప్పండి.

ఆరు ఫీట్లే వచ్చిందని మిస్త్రీతో తగువు పడే ముందు 12.73, 8.1, 7.5 అనే మూడు అంకెలు గుర్తు తెచ్చుకోండి. అంత లెక్కలోనూ మీ మొద్దుకు ఆరు కంటే బాగా తక్కువ వచ్చిందంటే అప్పుడు అడగండి, బ్లేడు ఎప్పుడు సాన పట్టారని.